ఎలక్ట్రిక్ ఆటో లెక్క తప్పేది వడ్డీ దగ్గర

హైదరాబాద్‌లో కొత్త ఆటో రోడ్డెక్కాలంటే ముందు పర్మిట్ దొరకాలి. ఔటర్ రింగు రోడ్డు లోపల ఎలక్ట్రిక్ ఆటోలకు 20,000 పర్మిట్లు ఇవ్వడానికి 2025లో ప్రభుత్వం ఒప్పుకుంది. రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు 2024 నవంబరులోనే ఎత్తేసింది, 2026 డిసెంబరు 31 దాకా. ఇంత ఇచ్చినా డ్రైవరు షోరూము గుమ్మంలోనే ఆలోచిస్తున్నాడంటే కారణం కిస్తీ.

రోజుకు 100 కిలోమీటర్లు తిరిగే బండినే తీసుకోండి. ఎల్‌పీజీ ఆటో లీటరుకు 20 ఇస్తే 5 లీటర్లు పడుతుంది. లీటరు 60 వేసుకుంటే 300 రూపాయలు. ఎలక్ట్రిక్ ఆటోకు ఛార్జింగ్‌లో వృథా అయ్యేది కలుపుకుని 9 యూనిట్లనుకుంటే, యూనిట్ 7 చొప్పున 63. నెలకు 25 రోజులు తిప్పితే మిగిలేది 5,925. ఇక 3 లక్షల అప్పు, 36 నెలలు. 12 శాతం వడ్డీకి కిస్తీ 9,960, 24 శాతానికి 11,770. మిగిలిన దాంట్లో 1,800 పైగా అక్కడే పోయింది! మూడేళ్లు వాడిన బ్యాటరీ ఎంతకు పలుకుతుందో ఫైనాన్సు వాళ్లకు అంతు చిక్కదు. ఆ భయాన్ని వడ్డీలో కలిపేస్తారు. నన్నడిగితే, బండి ధరలో ఇంకో పదివేలు తగ్గించడం కంటే ఈ అప్పులకు ప్రభుత్వం హామీగా నిలబడటమే డ్రైవరుకు ఎక్కువ మేలు.

ఇంట్లో ఛార్జింగ్ పెట్టేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఇంటి కరెంటు ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకంలో జీరో బిల్లు నెలకు 200 యూనిట్ల వరకే. ఆటో ఒక్కటే నెలకు 225 లాగుతుంది. కాబట్టి ఆటోకు వేరే మీటరు పెట్టించుకోవాలి. అద్దె ఇంట్లో దానికి ఓనరు ఒప్పుకోవాలి, చాలామందికి పని ఆగేది అక్కడే.

వైరింగు సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. ఛార్జరు నాలుగైదు గంటలు ఏకబిగిన కరెంటు లాగుతుంది. దానికి మీటరు దగ్గర్నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 15 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగ్, సొంత ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో అస్సలు పెట్టొద్దు. వారానికోసారి ప్లగ్గు తీసి పిన్నులు చూడండి. పిన్ను నల్లబడినా, సాకెట్టు చుట్టూ ప్లాస్టిక్కు పసుపు తిరిగినా లోపల పట్టు వదులైందని అర్థం. ప్లగ్గు ఒక్కటే మారిస్తే పాత సాకెట్టు దాన్నీ కాల్చేస్తుంది, రెండూ కలిపే మార్చాలి.