కడప బండ మీద పెట్టిన గడియారం

మళ్ళీ అదే కథ. కంప్యూటర్ గడియారాన్ని నెట్‌లోని టైమ్ సర్వర్‌తో సరిచూసే ప్రోగ్రాం క్రోనీ. నిన్న రాత్రి ఎనిమిదింటికి దాని ట్రాకింగ్ చూస్తే ఆఫ్‌సెట్, అంటే అసలు సమయంతో తేడా, 1.4 మిల్లీసెకన్లు. పొద్దున ఆరింటికి 0.2 కూడా లేదు. సర్వర్ అదే ఎన్‌పీఎల్‌ది (జాతీయ భౌతిక ప్రయోగశాల), రూటర్ అదే, రాస్ప్‌బెర్రీ పై 3 అనే ఈ చిన్న కంప్యూటర్ బోర్డు అదే గూట్లో, కడప బండ మీద.

కరెంటు పోయి వచ్చాక సర్దుకోవడం మాత్రం కుదిరింది. మేక్‌స్టెప్ అనే క్రోనీ సెట్టింగ్‌తో మొదటి మూడు అప్‌డేట్లలోనే గడియారం దూకుతుంది, ఆ తర్వాతంతా స్లూయే, అంటే మెల్లగా జరపడమే. ఇదే పని చేసే పాత ప్రోగ్రాం ఎన్‌టీపీడీ స్లూ చేస్తే 500 పీపీఎం (పది లక్షల్లో 500 వంతులు) దాటదు గనక ఒక్క సెకను సర్దడానికి 2000 సెకన్లు నానుస్తుంది. మా కరెంటుకు క్రోనీయే నయం.

తలనొప్పంతా ఫ్రీక్వెన్సీతో, అంటే గడియారం నడిచే వేగంతో. పొద్దున 7.1 పీపీఎం స్లో, మధ్యాహ్నం నుంచి పాకుతూ రాత్రి ఎనిమిదికి 8.3. ఆ 1.2 తేడాను వదిలేస్తే గంటకు 4.3 మిల్లీసెకన్లు. మ్యాక్స్‌పోల్ 10 నుంచి 6కు దించి సర్వర్‌ను తరచుగా అడిగిస్తే వేడికి బదులు నెట్ కుదుపుల వెంట పడింది.

సరే, వేడిని బట్టి గడియారం వేగాన్ని దిద్దే టెంప్‌కాంప్ సెట్టింగ్ పెడదామని సీపీయూ ఉష్ణోగ్రత ఇచ్చాను. ఇంకా అధ్వాన్నం. మూడింటికి సీపీయూ 61 డిగ్రీలు, ఎనిమిదింటికి 54. డ్రిఫ్ట్ (గడియారం వెనకబడే వేగం) ఏమో ఎనిమిదింటికే ఎక్కువ! పైగా రాత్రి బ్యాకప్ మొదలైన నిమిషంలోనే సీపీయూ ఎనిమిది డిగ్రీలు ఎగబాకుతుంది. గడియారాన్ని నడిపే క్రిస్టల్‌కు ఆ సంగతే తెలియదు, టెంప్‌కాంప్ మాత్రం లేని తప్పును దిద్దేస్తుంది.

అప్పుడు గూటి బండ మీద చెయ్యి పెట్టి చూశాను. మూడింటికి కూలర్ గాలికి చల్లగానే ఉంది. ఎనిమిదింటికి అరచెయ్యి ఆనించలేనంత వేడి. పడమటి గోడ. మధ్యాహ్నమంతా ఎండ తాగి, పొద్దుగూకాక ఆ వేడిని నల్లబండకు వదులుతోంది. రాస్ప్‌బెర్రీ పై బోర్డున్న ప్లాస్టిక్ పెట్టె ఆ బండకే ఆనుకుని ఉంది. నాలుగు సీసా మూతలు పెట్టి పైకి లేపితే డ్రిఫ్ట్ గరిష్ఠం 7.8కి తగ్గింది, ఒక గంట ముందే వస్తోంది. పూర్తిగా పోలేదు, మిగతాది గది గాలి వేడి అనుకుంటున్నా.

మా అమ్మ, "సెకను కూడా తేడా లేదంటివి కదరా, దానికింత రభసా?" అంటుంది.

బ్యాటరీతో నడిచే గడియారం చిప్ డీఎస్3231 కొనమని అందరూ అంటారు. కరెంటు వచ్చిన క్షణానికి అది మంచిదే, కానీ నడుస్తున్న సిస్టమ్ క్లాక్ డ్రిఫ్ట్‌ను అది ఆపదు. దాని ±2 పీపీఎం హామీ 40 డిగ్రీల దాకానే, మా గది మే నెలలో అది దాటుతుంది.

ఇప్పుడు డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి క్రిస్టల్ పక్కనే థర్మల్ జిగురుతో అంటించి, టెంప్‌కాంప్‌కు ఆ ఫైలే ఇస్తా. రీడింగు మిల్లీడిగ్రీల్లో వస్తుంది గనక టెంప్‌కాంప్ లెక్కలో ఆధార ఉష్ణోగ్రత టీ0 30000, అంటే 30 డిగ్రీలు. వేడికి ఎంత దిద్దాలో చెప్పే కే1, కే2 మాత్రం వారం లాగులు చూసి పూరిస్తా. ఆపైన పీపీఎస్ (సెకనుకో పల్స్) ఉన్న జీపీఎస్ మాడ్యూల్. యాంటెన్నా మిద్దె మీదికి పోవాలి, కిటికీ దగ్గర సిగ్నల్ నిలవడం లేదు. అంత పొడవు కేబుల్ కడపలో దొరుకుతుందో, తెప్పించుకోవాలో చూడాలి.