జియాలజీ సీటుకు ముందు ఒక ధ్రువపత్రం: నా అనుభవం

ఐఐటీలో ఎం.ఎస్సి. జియాలజీ సీటు ఈ వారమే ఖాయమైంది కనుక, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. ఆ సీటుకు రాసే ప్రవేశ పరీక్ష జామ్ గురించి చెప్పవలసింది తక్కువ. 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. డిగ్రీలో జియాలజీని శ్రద్ధగా చదివినవారు భయపడవలసిన పని లేదు.

మాది జమ్మలమడుగు దగ్గరి పల్లె. నాన్న ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆయన చేతుల్లో అరిగే నాపరాయినే పుస్తకాలు నార్జి సున్నపురాయి అంటాయని తెలిసిన రోజునే ఈ చదువు నాదనిపించింది. వేంపల్లె వైపు ఫీల్డుకు వెళ్ళినప్పుడు, తోటివారు డోలమైటు బండ మీది గుండ్రని చారలకు ఫోటోలు తీసుకుంటుండగా, నేను సీసాలో నీళ్ళు పోసి బండను తడిపి, సూక్ష్మజీవులు పొరమీద పొరగా కట్టిన ఆ స్ట్రొమటోలైట్లను లెన్సుతో అందరికీ చూపించాను. అవి 188 కోట్ల ఏళ్ళకు పైబడినవని లెక్చరరు అడగకముందే చెప్పాను కూడా. గొప్ప కోసం చెబుతున్నానని అనుకున్నా సరే. నన్ను ఆపింది చదువు కాదని తెలియాలి కదా.

ఆపింది ఓబీసీ ధ్రువపత్రం. మేము దూదేకులవాళ్ళం, అంటే దూది ఏకే వృత్తి చేసిన ముస్లింలం. రాష్ట్ర జాబితాలో మాది బీసీ-బి. మిగతా ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 2007 చట్టంతో వచ్చిన 4 శాతం బీసీ-ఇ గ్రూపు వేరు. కేంద్ర విద్యాసంస్థల్లోని 27 శాతం ఓబీసీ కోటాకు ఈ రాష్ట్ర పత్రాలేవీ చెల్లవు. కులం కేంద్ర జాబితాలో ఉండాలి, పత్రం కేంద్ర నమూనాలో ఉండాలి, క్రీమీలేయర్‌కు, అంటే ఓబీసీల్లోని సంపన్న వర్గానికి, చెందమని అందులో రాసి ఉండాలి, పైగా ప్రకటనలో చెప్పిన తేదీ తర్వాత జారీ అయినదై ఉండాలి. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ పేర్లు కేంద్ర జాబితాలోనూ ఉన్నాయి కాబట్టి నాకు చిక్కేమీ ఉండదని అనుకున్నాను.

గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టడం పది నిమిషాల పని. కొన్నాళ్ళకు "తగిన ఆధారాలు లేవు" అన్న ఒక్క ముక్కతో అది తిరిగి వచ్చింది. ఏ ఆధారం లేదో అందులో లేదు. నాన్న ఒకపూట కూలి పోగొట్టుకుని నాతో పాటు మండల కార్యాలయానికి వచ్చాడు. అక్కడి అధికారి నా పదో తరగతి మార్కుల జాబితాను పైకీ కిందికీ చూసి, నాన్నతో, "ఏం సాయిబూ, తురకలైతే ఇ గ్రూపు కదా, మీకు బి ఎట్లొచ్చె?" అన్నాడు. నేను వివరించబోతే నా వైపు తిరిగి, "ఏదీ, ఉర్దూలో రెండు ముక్కలు మాట్లాడమ్మా, చూద్దాం" అన్నాడు. వరసలో నిలబడినవాళ్ళు నవ్వారు. నాకు ఉర్దూ రాదు. మా ఇళ్ళలో తరతరాలుగా తెలుగే. రాదని చెప్పగానే, రాకపోవడమే మోసానికి రుజువైనట్టు ఆయన కాగితాలు బల్ల మీదికి తోసేశాడు.

నాన్న గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "సార్, మా నాయన ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకినాడు. ఆ పని చేసినోళ్ళమనే మాకు ఈ పేరు. భాషతో ఏం పని సార్?" అని మాత్రం అన్నాడు. దానికి జవాబు లేదు. ఆ అధికారికి గుర్తొచ్చింది నా చదువు. "రాళ్ళు కొట్టే చదువు ఆడపిల్లకెందుకు? బీఈడీ చేయించు, పెళ్ళికైనా పనికొస్తుంది" అని నాన్నకు సలహా చెప్పాడు. కులం అడగడానికి ఆయనకు హక్కు ఉంది. నా సుత్తి గురించి, పెళ్ళి గురించి మాట్లాడే హక్కు ఏ జీవో ఇచ్చిందో నేటికీ నాకు అర్థం కాలేదు.

చివరికి పని జరిగింది నాన్న చదివిన ప్రాథమిక పాఠశాల నుంచి తెచ్చిన టీసీ వల్ల. మడతల దగ్గర చిరిగిన ఆ కాగితంలో కులం గడిలో నీలి సిరాతో "దూదేకుల" అని ఉంది. దాని నకలును, కేంద్ర జాబితాలో మా కులం ఉన్న పేజీని జతచేసి మళ్ళీ అర్జీ పెట్టి, రసీదు నంబరు పట్టుకుని నేరుగా తహసీల్దారును కలిశాను. ఆమె రెండూ చదివి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సంతకం చేశారు. సీట్ల కేటాయింపు, ఫీజు కట్టడం వంటివి తర్వాత వాటంతటవే జరిగిపోయాయి.

మైనారిటీ పిల్లలు భూగర్భశాస్త్రంలోకి ఎందుకు రారని పెద్దలు అడుగుతుంటారు. ఇంటర్మీడియట్‌లో ఆ సబ్జెక్టు దాదాపుగా కనబడదు. మా చుట్టుపక్కల ఉచిత శిక్షణ అంటే కానిస్టేబులు, గ్రూపు పరీక్షలకే. 1851లో పుట్టిన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టు కొలువులకు యూపీఎస్సీ ప్రత్యేకంగా పరీక్ష పెడుతుందని మా వీధిలో చెప్పినవారెవరూ లేరు. మైనారిటీ పరిశోధకులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022లో కేంద్రం నిలిపివేసింది. ఇవన్నీ దాటుకుని వచ్చిన పిల్లను బల్ల దగ్గర నిలబెట్టి ఉర్దూ పరీక్ష పెడితే ఎందరు మిగులుతారు?

దరఖాస్తు చేసేవారికి నేను చెప్పేది ఇంతే. జామ్ ప్రకటన రాకముందే నాన్న టీసీనో, తాత టీసీనో వెతికి పెట్టుకోండి. కంప్యూటరు ముందున్నవారు "ఇదే ఓబీసీ పత్రం" అంటూ రాష్ట్ర నమూనా ఇస్తే తీసుకోకండి. బీసీ-ఇ వారు తమ కులం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి, ఎందుకంటే ఆ రెండు జాబితాలూ ఒకటి కావు. ఎవరైనా భాష గురించి అడిగితే, ఆ ప్రశ్నను అర్జీ మీద రాసి ఇవ్వమని అడగండి. రాసిచ్చే ధైర్యం ఉండదు. యూపీఎస్సీకి వెళ్ళేనాటికి నాకు మళ్ళీ కొత్త పత్రం కావాలి, అందుకే నాన్న టీసీని లామినేషన్ చేయించి నా దగ్గరే ఉంచుకున్నాను.