ధార బాగానే వస్తోంది, మరి ఇంజిన్ ఎందుకు కాలిపోతోంది?

పాత ఔట్‌బోర్డ్ మోటార్ (పడవ వెనక బిగించే ఇంజిన్) వేడెక్కుతోందని చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది ఒకటే, "వెనక నీళ్ళు కొడుతోందా?" అని. కొడుతోందంటే భయం లేదంటారు, కొట్టడం లేదంటే ఇంపెల్లర్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళను పైకి ఎక్కించే పంపులోని రబ్బరు రెక్కల చక్రం) మార్చెయ్ అంటారు. ఈ సలహా విని మంచి ఇంజిన్లు సీజ్ చేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

చాలా పాత మోటార్లలో వెనక కొట్టే ఆ సన్న నీళ్ళ ధార థర్మోస్టాట్‌కి (వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచే వాల్వ్) ముందే విడిపోయి బయటికి వస్తుంది. అంటే పంపు అక్కడిదాకా నీళ్ళు ఎక్కిస్తోందని మాత్రమే అది చెబుతుంది. ఆ తర్వాత నీళ్ళు సిలిండర్ల చుట్టూ తిరుగుతున్నాయా, థర్మోస్టాట్ తెరుచుకుంటోందా అనేది దానికి తెలియదు. ధార ఆగిపోయినా లోపల అంతా సవ్యంగానే ఉండొచ్చు, ఎందుకంటే ఆ రంధ్రం చాలా చిన్నది, ఉప్పు పేరుకున్నా, ఇసుక చేరినా, కందిరీగ మట్టి పెట్టినా మూసుకుపోతుంది. కాబట్టి ధార తగ్గితే ముందు ఇంజిన్ ఆపి, గట్టి నైలాన్ తీగ ఒకటి ఆ రంధ్రంలోకి దూర్చి పొడవండి. ఆ తర్వాత మోటార్ కింది కాలు (నీళ్ళలో మునిగే భాగం) దగ్గర నీళ్ళు పీల్చుకునే జాలీ చూడండి, ప్లాస్టిక్ కవరో నాచో అడ్డం పడి ఉండొచ్చు, కొన్నిసార్లు ఎవరో రంగు వేస్తూ ఆ జాలీ మీద కూడా వేసేసి ఉంటారు. ఈ రెండూ బాగుంటేనే పానా పట్టుకోండి.

నేనైతే ఏదీ విప్పకముందే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ (తాకకుండానే వేడి చూపేది) తీస్తాను. పాత మోటార్ ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా ఇది ఉండాలని గట్టిగా నమ్ముతాను. ఇంజిన్ బాగా వేడెక్కాక ఒక్కో సిలిండర్ హెడ్ (సిలిండర్ మీది మూత) మీద ఒకే రకమైన చోట గురిపెట్టి చూడండి. మెరిసే అల్యూమినియం మీద రీడింగ్ తప్పుగా వస్తుంది, అక్కడ చిన్న నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడాలి. చాలా పాత మోటార్ల థర్మోస్టాట్ 60 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల తెరుచుకుంటుంది, హెడ్ కూడా ఇంచుమించు అక్కడే నిలబడాలి. అన్ని సిలిండర్లూ ఒకేలా మరీ వేడిగా ఉంటే పంపు మీదో థర్మోస్టాట్ మీదో అనుమానం. ఒక్కటే మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ సిలిండర్‌కి వెళ్ళే దారి మూసుకుపోయిందని లెక్క.

ఎప్పుడు వేడెక్కుతోందో కూడా గమనించండి. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు మాత్రమే వేడెక్కి, వేగం పెంచితే చల్లబడుతుంటే ఇంపెల్లర్ అరిగి ఉండొచ్చు, లేదా ప్రెషర్ వాల్వ్ (నీళ్ళ ఒత్తిడి పెరిగితే తెరుచుకునేది) కింద చెత్త ఇరుక్కుని అది మూసుకోకుండా ఉండొచ్చు. వేగంగా వెళ్ళేటప్పుడే వేడెక్కుతుంటే జాలీ అడ్డుపడటం, మోటార్ మరీ ఎత్తులో బిగించడం వల్ల నీళ్ళతో పాటు గాలి పీల్చుకోవడం, కార్బురేటర్ నుంచి పెట్రోల్ తక్కువ రావడం లాంటివి చూడాలి.

ఇంకో మాట. ఒడ్డు మీద జాలీకి రబ్బరు కప్పులు, వాటికి హోస్ పైపు తగిలించి ఇంజిన్ నడిపి "అంతా బాగుంది" అనుకోకండి. కుళాయి ప్రెషర్ నీళ్ళను లోపలికి నెడుతుంది కాబట్టి అరిగిపోయిన పంపు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. పెద్ద డ్రమ్ములో, పంపు మునిగేంత నీళ్ళలో పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. నీళ్ళు లేకుండా మాత్రం ఒక్క క్షణం కూడా స్టార్ట్ చేయొద్దు, రబ్బరు ఇంపెల్లర్‌ని తడిపేది ఆ నీళ్ళే.

ఇంపెల్లర్ చూడటానికి కింది గేర్ కేసు దించాల్సి వస్తే తొందరపడకండి. ఉప్పు పట్టిన బోల్టుని బలంగా తిప్పితే అల్యూమినియం లోపలే విరుగుతుంది, తర్వాత దాన్ని తీయడం నరకం. తుప్పు వదిలించే నూనె పోసి, కాస్త వేడి చేసి, సుత్తితో మెల్లగా తడుతూ ముందుకీ వెనక్కీ కదపండి. ఇంపెల్లర్ బయటికి వచ్చాక రెక్కలు ఒకవైపు వంగి అలాగే ఉండిపోయాయా, రెక్కల మొదలు దగ్గర పగుళ్ళున్నాయా చూడండి. పంపు గిన్నె లోపల కరిగిన గుర్తులుంటే ఎప్పుడో నీళ్ళు లేకుండా నడిపారన్నమాట. కింద ఉండే స్టీలు ప్లేటు మీద గోరు తగిలేంత గాడి పడితే ఇంపెల్లర్ ఒక్కటే మార్చి లాభం లేదు, మొత్తం పంపు కిట్ వేయాలి. షాఫ్టుకి ఉండే చిన్న కీ (ఇంపెల్లర్‌ని షాఫ్టుతో కలిపి పట్టి ఉంచే ముక్క) జారిపోతే షాఫ్టు తిరుగుతుంది కానీ ఇంపెల్లర్ తిరగదు. ఒక రెక్క తెగి కనిపించకుండా పోయిందంటే అది పైన గొట్టంలోనో థర్మోస్టాట్ దగ్గరో ఉంటుంది, దాన్ని వెతికి తీయకుండా మూసేయొద్దు.

బిగించేటప్పుడు రెక్కలకి సబ్బు నీళ్ళు రాసి, షాఫ్టుని పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ గిన్నెను కిందికి నొక్కండి. రాగి నీళ్ళ గొట్టం రబ్బరు గ్రొమెట్‌లో (గొట్టం చుట్టూ పట్టే రింగు) సరిగ్గా దిగిందా అని టార్చి వేసి చూడండి. కొత్త కిట్ వేశాక కూడా నీళ్ళు ఎక్కడం లేదంటే చాలావరకు ఈ గొట్టం పక్కకి పోవడమే కారణం.

ఈ మధ్య నా దగ్గరికి వచ్చిన రెండు సిలిండర్ల టూ స్ట్రోక్‌లో పంపు కొత్తది, ధార జోరుగా ఉంది, అయినా కింది సిలిండర్ కాలిపోతోంది. హెడ్ కవర్ విప్పితే కింది సిలిండర్ చుట్టూ ఉన్న నీళ్ళ దారి ఉప్పు, ఇసుక కలిసి గట్టిపడి సున్నం గోడలా తయారైంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పొడిపొడిగా రాలింది, పైది మాత్రం దాదాపు శుభ్రంగా ఉంది. సముద్రంలో నడిచిన ఇంజిన్లకి ఇది మామూలే. పేరుకున్నది గీకి తీసి, మిగిలినదానికి వెనిగర్ కొట్టి, మంచినీళ్ళతో బాగా కడిగి, కొత్త గాస్కెట్ (రెండు భాగాల మధ్య లీకు కాకుండా వేసే పొర) వేయాలి. అల్యూమినియం కాబట్టి ఘాటైన యాసిడ్ వాడొద్దు.

థర్మోస్టాట్ పాడైతే తీసి పారేసి, అది లేకుండానే నడిపేవాళ్ళున్నారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇంజిన్ ఎప్పుడూ చల్లగా నడిస్తే పెట్రోల్ సరిగ్గా మండదు, ప్లగ్గులు నల్లబడతాయి, కార్బన్ పేరుకుంటుంది. గిన్నెలో నీళ్ళు మరిగిస్తూ దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి ఎప్పుడు తెరుచుకుంటుందో చూస్తే చాలు, బాగుందో లేదో తెలిసిపోతుంది. దాని బదులు కారుది మాత్రం పెట్టకండి, అది ఇంకా ఎక్కువ వేడికి తెరుచుకుంటుంది, ఉప్పునీళ్ళు అంత వేడెక్కితే లోపల ఉప్పు ఇంకా త్వరగా పేరుకుంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా వేడి తగ్గకపోతే కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కితే వచ్చే ఒత్తిడి) చూడండి. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లలో తక్కువగా ఉంటే, లేదా ఒక ప్లగ్గు మాత్రమే కడిగినట్టు తెల్లగా ఉంటే హెడ్ గాస్కెట్ పోయినట్టే.

నీళ్ళ మీద ఉండగా వేడెక్కితే వెంటనే వేగం తగ్గించండి, ధార పూర్తిగా ఆగితే ఇంజిన్ ఆపేయండి. టెన్షన్‌లో హెడ్ మీద చల్లనీళ్ళు పోయకండి, పగుళ్ళొస్తాయి. అలారం ఉన్న పాత మోటార్లలో చాలావాటికి కీ ఆన్ చేసి, హెడ్ మీదున్న సెన్సర్ వైరు ఊడదీసి ఇంజిన్ బాడీకి తాకిస్తే బజర్ మోగాలి. మోగకపోతే బజరో వైరో పోయినట్టు, పడవ నీళ్ళలో దించకముందే అది బాగుచేయించుకోండి.