ఎమ్‌టీహెచ్ (క్రైస్తవ వేదాంతంలో పీజీ) వైవా గట్టెక్కాను, నా అనుభవం

నిన్ననే వైవా అయింది, కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. నా టాపిక్ తొలి క్రైస్తవులకీ యూదులకీ ఉన్న సంబంధాలు, ముఖ్యంగా నాలుగో శతాబ్దపు అంతియొకయ నగరంలో (ఇప్పటి టర్కీలో ఉంది). టాపిక్ అప్రూవల్, చాప్టర్లు దిద్దించుకోవడం, బైండింగ్ ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి, మా గైడ్ గారు చాలా ఓపికున్న మనిషి.

వైవాకి ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన పెద్దాయన థీసిస్ తెరవకుండానే "క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలింది, అక్కడితో సంఘం వేరు, సమాజమందిరం వేరు, ఇంక నువ్వు రాయడానికేముందమ్మా" అన్నారు. సంఘమంటే క్రైస్తవులు, సమాజమందిరమంటే యూదుల ప్రార్థనా స్థలం, అంటే ఇద్దరూ అప్పుడే విడిపోయారని ఆయన మాట. చెప్పబోతే ఆపేసి "అసలు నువ్వు సంఘం తరఫునా, పరిసయ్యుల తరఫునా?" అన్నారు (పరిసయ్యులంటే యేసు కాలం నాటి ఒక యూదు వర్గం). వెనక కూర్చున్న జూనియర్లంతా నవ్వారు, నాకు ఒళ్లు మండిపోయింది.

వెంటనే ఆ కాలపు అంతియొకయ పాదిరి జాన్ క్రిసోస్టమ్ ప్రసంగాలు తీసి గ్రీకులోనే చదివి అర్థం చెప్పా. 386, 387ల్లో అంతియొకయలో చేసినవి, మొత్తం ఎనిమిది, తిట్లన్నీ యూదుల మీదే గానీ చెప్తున్నది మాత్రం తన సంఘం వాళ్లకే, ఎందుకంటే వాళ్లే యూదుల పండక్కి బూరలు వినడానికి పోతున్నారు, వాళ్లతో కలిసి ఉపవాసాలుంటున్నారు, ఒట్టేయాల్సొస్తే సమాజమందిరంలో వేస్తున్నారు, అక్కడి ఒట్టంటేనే భయమట. 70లోనే తెగిపోయుంటే మూడొందల ఏళ్ల తర్వాత ఈయన గొంతు చించుకోవడం దేనికి సార్ అని అడిగా. అదే శతాబ్దంలో లవొదికయలో జరిగిన బిషప్పుల సభ కూడా సబ్బాతున (యూదుల విశ్రాంతి దినమైన శనివారం) పని మానొద్దు, యూదుల దగ్గర పులియని రొట్టె తీసుకోవద్దు అని నియమాలు పెట్టింది, ఎవరూ చెయ్యని పనికి నిషేధం ఎందుకు పెడతారు?

ఆయన యోహాను సువార్త 9:22 ఎత్తారు, యేసుని క్రీస్తని ఒప్పుకున్నవాళ్లని సమాజమందిరం నుంచి వెలివేయాలని యూదులు నిర్ణయించుకున్నారని రాసుంది కదా అని. ఉంది సార్, కానీ రెండో శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత, యేసుని నమ్ముతూ మోషే ధర్మశాస్త్రం పాటించేవాళ్లు ఇతరుల్ని బలవంతపెట్టకపోతే రక్షణ పొందుతారనే రాశాడు, అంటే అలాంటోళ్లు అప్పటికీ ఉన్నట్టేగా అన్నా. నీళ్లు నమిలారు.

మన పాస్టర్లు ప్రతి ఆదివారం పరిసయ్యుల్ని తిడతారు, అపొస్తలుల కార్యములు 23:6లో పౌలు "నేను పరిసయ్యుడను" అన్నది మాత్రం ఎవరూ ప్రసంగించరు. క్రిసోస్టమ్ మాటల్ని నాజీలు కూడా వాడుకున్నారు, ఇది నవ్వే విషయం కాదు.

జూనియర్లూ, గ్రీకు గట్టిగా నేర్చుకోండి, మిగతావాటికంటే నన్ను కాపాడింది అదే. పాస్ చేశారు, ఒక్కటే కరెక్షన్, 70 గురించి ఒక పేరా కలపమని. కలుపుతా, కిందే క్రిసోస్టమ్ ఫుట్‌నోట్ కూడా పెడతా.