ఇచ్చిన తరువాత మిగిలే పని

ఆదివారం, రాత్రి

ఈ రోజు పగలంతా సేవాసంస్థ సామాను గదిలోనే గడిచింది. పొద్దున నేను వెళ్ళేసరికి వరండాలో మూటలు నడుమెత్తున పేరుకుని ఉన్నాయి. గతవారం ఒక బృందం వారు ఉత్సాహంగా విరాళాల సేకరణ కార్యక్రమం జరిపి, వచ్చినదంతా తెచ్చి ఇక్కడ దింపి, ఫొటోలు దిగి వెళ్ళారు. ఆ మూటలు విప్పి, ఏది ఎవరికి పనికివస్తుందో, ఏది ఎవరికీ పనికిరాదో తేల్చడం మాత్రం మా నలుగురైదుగురి వంతుకు వచ్చింది. ఈ మాట కాస్త కటువుగా ఉందని నాకూ తెలుసు. కానీ సాయంత్రం దాకా దుమ్ములో కూర్చున్న మనిషి డైరీలో ఆ మాత్రం కటుత్వం ఉండక తప్పదు.

గదిని చూసుకునే పెద్దావిడ ఒకప్పుడు ఉపాధ్యాయురాలు. ఆవిడను మేమంతా మేడమ్ అనే పిలుస్తాము. ఆవిడ దగ్గర పని నేర్చుకోవడమంటే ముందుగా చేతులకు కాదు, కళ్ళకు శిక్షణ. చొక్కా చేతికి రాగానే మెడపట్టీ లోపలివైపు, చంకల కింద, బొత్తాల వరుస చూడాలి. ప్యాంటు అయితే జిప్పు ఒకసారి పైకీ కిందికీ లాగి చూడాలి. జేబులు తప్పనిసరిగా తడమాలి. ఈ రోజు ఒక జేబులో నలిగి మెత్తబడిపోయిన బస్సు టికెట్టు, మరొక జేబులో ఒక చిన్న తాళంచెవి దొరికాయి. ఆ తాళంచెవిని మేడమ్ కాగితంలో చుట్టి, మూట వచ్చిన తేదీ దానిమీద వేసి, సొరుగులో పెట్టారు. బూట్ల విషయంలో ఆవిడ మరీ పట్టుదల మనిషి. జత కనిపించిన మరుక్షణం రెండింటి తాళ్ళనూ కలిపి ముడి వేస్తేనే గాని బుట్టలో పడనివ్వరు, ఎందుకంటే ఒకసారి విడిపోయిన జత మళ్ళీ కలవడం కల్ల అని ఆవిడ అనుభవం. ఒంటి బూట్లు ఒక మూల గుట్టగా పడి ఉన్నాయి. వాటిని ఇచ్చినవారు రెండోదాన్ని ఇంట్లో ఎందుకు ఉంచుకున్నారో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

బట్టలతో పెద్ద ప్రమాదం లేదు. పనికిరానివి గుడ్డపేలికలుగానైనా పోతాయి. మందుల సంగతి అలా కాదు. మధ్యాహ్నం ఒక అట్టపెట్టె నిండా మందులు బయటపడ్డాయి. సగం వాడిన సిరప్ సీసాలు, మూత ఊడిన పైపూత గొట్టం, చిల్లులు పడిన మాత్రల అట్టలు. ఒక అట్టను ఎవరో కత్తెరతో తీరుగా, సరిగ్గా నాలుగు మాత్రలు మిగిలేలా కత్తిరించారు. కత్తిరించిన ఆ ముక్కతోపాటే మందు పేరులో సగమూ, గడువు తేదీ మొత్తమూ పోయాయి. ఇచ్చినవారి శ్రద్ధ ఆ కత్తెర గీతలో స్పష్టంగా కనిపిస్తోంది, అయినా ఆ నాలుగు మాత్రలు ఎవరి నోట్లోనూ వేయదగినవి కావు. మేడమ్ పెట్టెను మళ్ళీ మూసి, పైన ఎర్ర సిరాతో గుర్తు వేసి, మందులను సురక్షితంగా పారవేసే చోటికి పంపవలసిన వరుసలో పెట్టించారు. దానికి మనిషిని పంపాలి, బండి మాట్లాడాలి. ఉచితంగా వచ్చిన పెట్టెను వదిలించుకోవడానికి సంస్థ ఖర్చు పెట్టవలసి వచ్చింది.

ఇదేమీ మా ఒక్క గది కష్టం కాదు. 1992కూ 1996కూ మధ్య, యుద్ధం నలిపేసిన బోస్నియాకు లోకమంతా పంపిన మందులలో సగానికి పైగా పనికిరానివేనని, అలా పోగుబడినవి దాదాపు 17,000 టన్నులని ఆ తరువాత పరిశీలించినవారు అంచనా వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి 1996లో మందుల విరాళాలకు ప్రత్యేకంగా నియమాలు ప్రకటించడానికి ఇటువంటి అనుభవాలే కారణం. అందుకునేవారు కోరిన మందులే పంపాలని, చేరే నాటికి సాధారణంగా కనీసం ఒక ఏడాది గడువు మిగిలి ఉండాలని, ఒకసారి రోగి చేతికి వెళ్ళి తిరిగివచ్చిన మందులను దానం చేయరాదని, అక్కడి వైద్యులు చదవగలిగే భాషలో పేర్లు ఉండాలని వాటి సారాంశం. చదివితే ఇంత మామూలు సంగతులకు నియమాలెందుకనిపిస్తుంది. ఈ రోజు ఆ పెట్టె ముందు కూర్చున్న తరువాత నాకు అలా అనిపించలేదు.

ఇలా ఇచ్చేవారిని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో ఒక వస్తువు పారేయడానికి మనసు ఒప్పదు, ఉంచుకోవడానికి చోటు ఉండదు. ఎవరికో ఒకరికి ఉపయోగపడుతుందిలే అన్న ఊహ ఆ ఇబ్బందిని ఒక్కసారిగా తీర్చేస్తుంది. పైగా ఇవ్వడంలో ఉన్న ఆనందం నిజమైనది. మనుషులు ఎదుటివారి మేలు కోసమే కాక, ఇచ్చామన్న తృప్తి కోసం కూడా ఇస్తారని జేమ్స్ ఆండ్రియోని అనే ఆర్థికవేత్త 1990లో సిద్ధాంతరీత్యా వివరించాడు. ఆ తృప్తిని ఎగతాళి చేయవలసిన పని లేదు, అది లేకపోతే మా వరండాలో మూటలే ఉండవు. కాకపోతే ఆ తృప్తి వస్తువు చేయి దాటిన క్షణంలోనే పూర్తిగా అందిపోతుంది. వస్తువు ప్రయాణం మాత్రం అప్పుడే మొదలవుతుంది. ఇచ్చే ముందు ఒక్క ఫోను చేసి, ‘మీకు ఇప్పుడు ఏం కావాలి?’ అని అడిగేవారు ఎంత అరుదో మేడమ్‌ను అడిగితే చెబుతారు. అలా అడిగినవారి పేర్లు ఆవిడకు కంఠస్థం.

పదకొండు గంటల ప్రాంతంలో ఒకాయన కుటుంబంతో వచ్చారు. తెచ్చిన నోటుపుస్తకాలు కొత్తవి, మంచివి. వాటిని పిల్లల చేతికి స్వయంగా ఇస్తూ ఫొటో తీయించుకోవాలని ఆయన కోరిక. మేడమ్ ఆయనను కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, పుస్తకాలు లెక్కపెట్టి రసీదు రాసి, ‘పిల్లల్ని వరుసలో నిలబెట్టడం మా పద్ధతి కాదండీ, వాళ్ళు రేపు బడిలో తలెత్తుకుని తిరగాలి కదా’ అన్నారు. ఆయన ముఖం కొంచెం ముడుచుకుంది గాని, పుస్తకాలు వెనక్కి తీసుకోలేదు. ఆయన భార్య మాత్రం వెళ్తూ వెళ్తూ, ‘ఏ తరగతి వాళ్ళకి ఎన్ని గీతల పుస్తకాలు కావాలో చెప్పండి, ఈసారి అవే తెస్తాం’ అని రాసుకుని వెళ్ళింది. 12వ శతాబ్దికి చెందిన యూదు తత్త్వవేత్త మైమోనిడెస్ దానాన్ని ఎనిమిది మెట్లుగా విభజించాడు. మనసు లేకుండా ఇవ్వడం అన్నిటికన్నా కింది మెట్టు. ఇచ్చేవారెవరో పుచ్చుకునేవారికి, పుచ్చుకునేవారెవరో ఇచ్చేవారికి తెలియకుండా జరిగే దానం పైనుంచి రెండవది. అన్నిటికీ పైన ఆయన పెట్టింది మనిషికి అప్పో, భాగస్వామ్యమో, పనో చూపించి, మళ్ళీ చేయి చాచే అవసరం లేకుండా చేయడాన్ని. ఫొటోకు ఆ మెట్లలో చోటెక్కడో ఆలోచించాను. ఆనాటికి కెమెరా లేకపోవడం ఆయన అదృష్టం.

మధ్యాహ్నం నుంచి కళాశాల విద్యార్థులు ఒక జట్టుగా వచ్చారు. వారికి సేవ చేసినట్టు ధ్రువపత్రం కావాలి. మొదటి గంట వారికి పని చూపించడంలోనే పోయింది, రెండవ గంటలో చేసినదాన్ని మళ్ళీ సరిచేయడంలో కొంత పోయింది. ఒక్కరోజు వచ్చి వెళ్ళే సేవకులు సంస్థకు భారమే తప్ప సాయం కాదని మాలో కొందరి వాదన. నాది అంత గట్టి అభిప్రాయం కాదు. బూట్ల బుట్టలన్నీ ఆ పిల్లలే తేల్చారు. మేమైతే ఇంకో వారం వాటిని అలాగే దాటుకుంటూ తిరిగేవాళ్ళం. కానీ వారు రాని రోజున కూడా గది తెరిచి ఉండాలి, ఆ మాట కూడా నిజం. అందరూ ఒకేసారి రావడం వేరు, అవసరానికి తగినట్టు రావడం వేరు. రక్తదానంలో ఈ తేడా తారీఖులతో సహా కనిపిస్తుంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికాలో రక్తం ఇవ్వడానికి జనం బారులు తీరారు. గాయపడినవారికి నిజంగా అవసరమైనది అందులో చాలా కొద్ది భాగమే. ఎర్ర రక్తకణాలు శీతలీకరణలో గరిష్ఠంగా 42 రోజులు నిలుస్తాయి, ప్లేట్‌లెట్లు అయితే కొద్ది రోజులే. ఆ వారాలలో సేకరించిన రక్తంలో కొంత గడువు తీరి పారవేయవలసి వచ్చింది. దాడుల వార్త విన్నవారి చేతిలోని రక్తం కన్నా, ఎవరికీ చెప్పకుండా అంతకు ముందే ఇచ్చి వెళ్ళినవారి రక్తమే ఆ రోజు క్షతగాత్రులకు అక్కరకు వచ్చింది.

ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు స్విట్జర్లాండ్ వ్యాపారి హెన్రీ డ్యూనాంట్ గుర్తుకు వస్తాడు. 1859 జూన్ 24న ఇటలీలో సోల్ఫెరీనో యుద్ధం ముగిశాక పక్కనున్న కాస్తిగ్లియోనె ఊరికి వేలాదిగా క్షతగాత్రులు వచ్చిపడ్డారు. ఊరి ఆడవాళ్ళు ఏ పక్షపు సైనికుడని చూడకుండా నీళ్ళు పట్టారు, కట్లు కట్టారు. వారి దయకు డ్యూనాంట్ కదిలిపోయాడు, కానీ ఆయన ఆలోచన అక్కడితో ఆగలేదు. దయ ఎంత ఉన్నా, పని తెలిసినవారు లేక, గాజుగుడ్డ లేక, ఎవరు ఏం చేయాలో చెప్పేవారు లేక ఎందరో అనవసరంగా చనిపోవడం చూశాడు. అందుకే ఆయన కోరింది ప్రజలు మరింత దయగా ఉండాలని కాదు, శాంతికాలంలోనే స్వచ్ఛంద సేవకులకు తర్ఫీదు ఇచ్చి సిద్ధంగా ఉంచే సంఘాలు దేశదేశాలా ఉండాలని. 1863లో జెనీవాలో ఏర్పడిన కమిటీయే తరువాత రెడ్ క్రాస్ అయింది. 1901లో ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిని ఆయన ఫ్రెంచి శాంతివాది ఫ్రెడెరిక్ పాసీతో కలిసి అందుకున్నాడు. యుద్ధం లేని రోజున కట్లు చుట్టడం నేర్చుకోవడం అంత విసుగుపుట్టించే పని ఇంకోటి ఉండదు. మా మేడమ్ బూట్ల తాళ్ళకు వేసే ముళ్ళు కూడా ఆ జాతి పనే అని నా అభిప్రాయం.

సాయంత్రం కోశాధికారిగారు లెక్కల పుస్తకం తెచ్చారు. గది అద్దె, కరెంటు బిల్లు, కాపలా మనిషి జీతం, బండి కిరాయి, ఆడిట్ రుసుము. ఇవేవీ దాతలకు నచ్చని పద్దులు. ‘నా డబ్బు పూర్తిగా పేదలకే చేరాలి’ అని షరతు పెట్టేవారు చాలామంది. వినడానికి అందులో తప్పేమీ లేదు. కానీ తలుపు తీసే మనిషికి జీతం లేకపోతే ఆ పేదలు లోపలికి ఎలా వస్తారో వారు చెప్పరు. నిర్వహణ ఖర్చు శాతాన్ని చూసి మాత్రమే ఒక సంస్థ మంచిచెడ్డలు తేల్చవద్దని 2013లో అమెరికాలో సేవాసంస్థలను మదింపు చేసే మూడు సంస్థలే కలిసి దాతలకు బహిరంగ లేఖ రాశాయి. ఖర్చులు ఎంతైనా పరవాలేదని కాదు దాని అర్థం. లెక్క అడగడం దాత హక్కు. రసీదు లేకుండా, ఆడిట్ చూపకుండా, ఎక్కడ పని చేస్తున్నారో చెప్పకుండా డబ్బు అడిగేవారికి ఒక్క పైసా ఇవ్వకపోవడమే మంచిది. అయితే అడగవలసిన లెక్క, ఆ ఖర్చుతో ఏ పని జరిగిందన్నది.

మేము లెక్కలు చూస్తుండగానే ఒక పెద్దాయన వచ్చారు. ప్రతి నెలా వస్తారు, ఒక చిన్న మొత్తం ఇస్తారు, దేనికి వాడాలో ఎన్నడూ చెప్పరు. రసీదు తీసుకుని, మడిచి, కళ్ళద్దాల డబ్బాలో పెట్టుకుంటారు. ‘కూర్చోండి’ అంటే, ‘బస్సు పోతుందమ్మా’ అని వెళ్ళిపోతారు. కోశాధికారిగారు ఆయన వెళ్ళిన తరువాత నాతో అన్న మాట రాసిపెట్టుకోవాలనిపించింది. ఏడాదికి ఒకసారి పెద్ద మొత్తం ఇచ్చేవారిని సభలో సన్మానిస్తాము గాని, వచ్చే నెల జీతం ఇస్తానని కాపలా మనిషికి ధైర్యంగా మాట ఇచ్చేది ఇటువంటివారిని చూసుకునేనట. ఎంత వస్తుందో ముందే తెలిసిన కొద్ది డబ్బుతో ప్రణాళిక వేయవచ్చు. ఎప్పుడొస్తుందో తెలియని ఎక్కువ డబ్బు కోసం ఎదురుచూడటం తప్ప చేసేదేమీ ఉండదు.

బయలుదేరే ముందు వరండాలోని నల్లబల్ల తుడిచి కొత్తగా రాశాము. పెద్దల బట్టలు ఇక రెండు నెలలపాటు తీసుకోబడవు. మందులు ఎప్పటికీ తీసుకోబడవు. పిల్లల బూట్లు చిన్న సైజులవి కావాలి, జతగా. వారంలో ఒక పనిరోజు మధ్యాహ్నం వచ్చి రిజిస్టరు రాయగలిగినవారు కావాలి. ‘తీసుకోబడవు’ అన్నది మరీ మొరటుగా ఉందని నేను ‘దయచేసి’ చేర్చబోతే, ‘వద్దమ్మా, దయచేసి అని పెడితే బతిమాలి ఒప్పించవచ్చనుకుంటారు’ అన్నారు మేడమ్. విద్యార్థులలో ఒక అబ్బాయి అంతా చదివి, తనకు బుధవారం మధ్యాహ్నాలు తరగతులు లేవని, రిజిస్టరు రాయడానికి వస్తానని, దానికి వేరే ధ్రువపత్రం ఇస్తారా అని అడిగాడు. ‘ఇవ్వం బాబూ’ అన్నారు ఆవిడ. కాసేపు ఆలోచించి, అయినా వస్తానన్నాడు. బుధవారం గది తాళం అతనికి అందేలా చూడమని నాకు అప్పగించారు.