బొంద, గుంత, కడ్డీలు

పోయిన వేసవి సెలవుల్లో ఇంగ్లండును పడమటి ఒడ్డు నుంచి తూర్పు ఒడ్డు దాకా సైకిళ్ల మీద దాటాం. నేను, నా స్నేహితుడు, పదిహేనేళ్ల మా అమ్మాయి. వైట్‌హేవెన్ దగ్గర ఐరిష్ సముద్రంలో వెనక చక్రం తడిపి బయల్దేరాలి, సండర్లాండ్ చేరి ఉత్తర సముద్రంలో ముందు చక్రం తడపాలి. అదీ ఆనవాయితీ. 1994లో మొదలైన ఈ దారిని ఇక్కడ అందరూ సీటూసీ అంటారు, అంటే సముద్రం నుంచి సముద్రానికని. సుమారు 140 మైళ్లు. గట్టి కాళ్లవాళ్లు రెండు రోజుల్లో లాగించేస్తారు, మేం నాలుగు పెట్టుకున్నాం. గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది కాబట్టి వీపు మీద చెయ్యేసి తోసినట్టుంటుందని విన్నాం. రెండో రోజు తప్ప అలాగే ఉంది.

నిజానికి ఇది మా ఇద్దరి యాత్రే. టిక్కెట్లు తీసే ముందు రోజు రాత్రి అమ్మాయి వచ్చి తనూ వస్తానంది. ఇంట్లో మాతో నాలుగు మాటలు మాట్లాడ్డమే కష్టంగా ఉన్న పిల్ల నాలుగు రోజులు మా వెంట తిరుగుతాననేసరికి, ఎందుకని అడగడానికి కూడా భయమేసింది. అడిగితే మానేస్తుందేమోనని.

నాది కోస్తా, నా స్నేహితుడిది తెలంగాణ. పాతికేళ్లుగా ఒకరి తెలుగును ఒకరం వెక్కిరించుకుంటూనే ఉన్నాం. సైకిలు మీద ముగ్గురు వరసగా వెళ్తున్నప్పుడు ముందున్నవాడే వెనకవాళ్లకు కళ్లు. రోడ్డు మీద గొయ్యి కనపడితే అరవాలి, ఎదురుగా కారొస్తే అరవాలి. మొదటిరోజు రైలు పట్టాలు తీసేసి వేసిన బాట దాటి సందు రోడ్లలోకి దిగగానే ముందున్న వాడు "బొందా!" అని కేకేశాడు. నా వెనక అమ్మాయి బ్రేకు కూడా పట్టలేదు. చక్రం దభీమని పడింది. అదృష్టం, ట్యూబు పగల్లేదు.

"అంకుల్ ఏమన్నారు?"

"గుంత అన్నాడు."

"గుంత అంటే నాకు తెలుసు. ఆయనన్నది అది కాదు."

అప్పుడు తెలిసింది, మా అమ్మాయికి తెలుగంటే ఒక్కటే తెలుగు, మా ఇంట్లోది. విన్‌లాటర్ కనుమ ఎక్కేటప్పుడు మరీ తమాషా. నేను "ఆయాసమొస్తే ఆగు" అంటే, వాడు "దమ్మొస్తే చెప్పు బిడ్డా, నిమ్మళంగ పో" అంటాడు. కెజిక్‌లో దిగేసరికి పిల్ల నిమ్మళం అనే మాటను పట్టేసుకుంది. మెల్లగా కంటే అదే బాగుందట, పలుకుతుంటేనే స్పీడు తగ్గుతుందట. నాకు కొంచెం చురుక్కుమంది, నిజమే చెప్తున్నా.

మూడో రోజు హార్ట్‌సైడ్ కనుమ. ఈడెన్ లోయలోంచి ఎక్కుతూ పోవడమే. పైన 580 మీటర్లు. నిటారుగా ఉండదుగానీ ఒక పట్టాన అయిపోదు. ఇలాంటి చోట చేసే తప్పు కాలు బరువెక్కాక గేరు మార్చడం. ఎక్కుడు మొదలయ్యే ముందే తేలిక గేరులోకి వచ్చేయాలి, కాళ్లు గబగబా తిరగాలిగానీ మోకాళ్ల మీద భారం పడకూడదు. ఈ సంగతి నా స్నేహితుడికి తెలిసినా పౌరుషానికి పోయి పెద్ద గేరులోనే తొక్కి, వెనకబడ్డాడు. నేనూ అమ్మాయీ పక్కపక్కన పడ్డాం. ఇద్దరు పక్కపక్కన తొక్కొచ్చని ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం, హైవే కోడే చెబుతోంది, కాకపోతే సందు రోడ్డు కాబట్టి వెనక కారు చప్పుడు వినపడితే ఒక వరసలోకి వచ్చేవాళ్లం.

పక్కపక్కన తొక్కుతుంటే ఒకరి మొహం ఒకరికి కనపడదు. ఆ ఎత్తులో మూడు మాటలు కలిపితే ఊపిరి సరిపోదు. అలాంటప్పుడు తెలుగు ఎంత అక్కరకొస్తుందో అప్పటిదాకా నాకూ తెలీదు. "ఆగావా?" "తాగావా?" "వస్తున్నా." ఒక్క క్రియలో మనిషీ పనీ కాలమూ అన్నీ ఇమిడిపోతాయి. వ్యాకరణం ఎప్పుడూ నేర్పని పిల్ల, అదే క్రియలతో జవాబులిస్తోంది. నాన్నని నువ్వనీ, అంకుల్‌ని మీరనీ, ఆ తేడా కూడా ఊపిరాడని ఆ ఎత్తులోనూ తప్పలేదు.

గొర్రెల మంద కనిపించిన మలుపు దగ్గర మామూలుగానే అంది: "ఇంట్లో నువ్వు తెలుగులో మొదలుపెట్టావంటే తిట్టబోతున్నావని తెలిసిపోతుంది." ఈ మాట మాత్రం ఇంగ్లీషులో అంది. తెలుగులో రాస్తున్నది నేను.

నేనేం అనలేదు. ఎత్తు మీద ఉన్నాం కాబట్టి మాట్లాడకపోవడానికి మంచి సాకు దొరికింది. ఆలోచిస్తే నిజమే. హోంవర్కు గురించి, స్నేహితుల గురించి, సినిమాల గురించి ఇంగ్లీషు. చెప్పులు ఎక్కడపడితే అక్కడ వదిలితే, ఫోను పక్కన పెట్టకపోతే తెలుగు. ఆదివారం తెలుగు తరగతికి పంపుతూ, మిగతా ఆరు రోజులూ ఆ భాషకు నేనిచ్చిన ఉద్యోగం అదీ.

పైన ఉండే టీ కొట్టు 2018లో కాలిపోయింది. ఆ సంగతి తెలిసే నీళ్లూ బిస్కట్లూ మోసుకొచ్చాం. ఆకాశం తేటగా ఉంది. దూరంగా సోల్వే సముద్రపు పాయ తళుక్కుమంటోంది. నా స్నేహితుడు ఇరవై నిమిషాల తర్వాత వచ్చి, సైకిలు గోడకానించి, గడ్డి మీద వెల్లకిలా పడ్డాడు. "అంకుల్, దమ్మొచ్చిందా?" అంది మా అమ్మాయి. వాడు పడుకునే చెయ్యెత్తి దండం పెట్టాడు.

దిగుడులో తనని ముందు పంపాను. రెండు బ్రేకుల్నీ ఒక్కసారే బిగబట్టి ఉంచొద్దని, పట్టి వదులుతూ మలుపుకి ముందే వేగం తగ్గించమనీ చెప్పాను. తర్వాత మళ్లీ ఎక్కుడు, నెంట్‌హెడ్ దాటి బ్లాక్ హిల్ మీదికి. 609 మీటర్లు, ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తు. ఈ కొండల్లో రోడ్డుకు అడ్డంగా ఇనుప కడ్డీలు పరిచి ఉంటాయి, గొర్రెలు దాటిపోకుండా. తడిగా ఉంటే చక్రం జారుతుంది, తిన్నగా, బ్రేకు ముట్టకుండా దాటాలి. దానికి మా ఇద్దరి తెలుగుల్లోనూ మాట లేదు. ముందున్నది తను కాబట్టి మాట తనే చేసింది. "కడ్డీలూ!"

కాన్సెట్ నుంచి మళ్లీ పాత రైలు బాటే, ఇక దిగుడే. సండర్లాండ్ ఒడ్డున చక్రాలు తడిపాం.

సెలవులయ్యాక తెలుగు తరగతిలో ప్రయాణం గురించి పది వాక్యాలు రాయమన్నారట. "దారిలో చాలా బొందలు ఉన్నాయి" అని రాసింది. దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి పైన "గుంతలు" అని దిద్దారు. ఇంటికొచ్చి ఆ కాగితం నా ముందు పడేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, తెలుగులోనే అంది:

"అంకుల్‌కి ఫోన్ చెయ్యి."