బిజినెస్ క్లాస్‌లో పులిహోర

నేను జీడి తోటల మధ్య పుట్టినదాన్ని. మా ఊరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, పలాసకు కొద్ది దూరంలో ఉంటుంది. అక్కడ వియ్యాలవారికి పెట్టే ఉప్మాలో జీడిపప్పు కనబడకపోతే మర్యాద జరగలేదని చెప్పుకుంటారు. అటువంటి ఊరిలో ఏడేళ్ల వయసులో గుప్పెడు జీడిపప్పు తిని, పెదవులు వాచి, ఊపిరి అందక ఆసుపత్రి పాలయ్యాను. జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు జీడి నూనెకు పొక్కుతాయని ఊరందరికీ తెలుసు గానీ, పప్పు తిన్న పిల్ల ఉక్కిరిబిక్కిరై పడిపోతుందని ఎవరూ వినలేదు కనుక దిష్టి తగిలిందన్నారు. అది అలెర్జీ అని చాలా ఏళ్ల తరువాత విశాఖపట్నంలో వైద్యులు చెప్పారు. పిస్తా కూడా జీడి కుటుంబపు చెట్టే కాబట్టి అదీ నాకు పడదు. వేరుశనగ మాత్రం నిశ్చింతగా తింటాను. అది కందులు, శనగల వంటి కాయజాతి. ఈ తేడాను ఈ ప్రయాణంలో కనీసం నలుగురికి వివరించవలసి వచ్చింది.

గత అక్టోబరులో మనవరాలిని చూడడానికి చికాగో బయలుదేరాము. మా అబ్బాయి క్రెడిట్ కార్డు మీద పోగుపడిన పాయింట్లతో, గల్ఫ్ నగరం ఒకదాని మీదుగా వెళ్లే విమానంలో మా ఇద్దరికీ బిజినెస్ క్లాస్ టికెట్లు తీశాడు. నడుము నొప్పితో బాధపడే మావారికి మంచంలా వాలే సీటు దొరికిందని ఆనందం. నాకు మాత్రం భోజనం గురించే బెంగ. ఎకానమీలో అన్నం, పప్పు, ఒక కూరతో సరిపెడతారు, అందులో ఏముందో చూడగానే తెలుస్తుంది. బిజినెస్ క్లాస్‌లో మర్యాద ఎక్కువ, అంటే మా ఊరి లెక్కన జీడిపప్పు ఎక్కువ.

విమాన సంస్థకు ఫోన్ చేసి నా సంగతి చెప్పాను. ప్రత్యేక భోజనాలను విమానం బయలుదేరడానికి 24 గంటల ముందుగా చెప్పుకోవాలన్నారు, సరే. వాటికి నాలుగేసి అక్షరాల సంకేతాలు ఉంటాయి: ఏవీఎంఎల్ అంటే మనవైపు మసాలాలతో చేసిన శాకాహారం, వీజేఎంఎల్ అంటే జైన భోజనం, జీఎఫ్ఎంఎల్ అంటే గ్లూటెన్ లేనిది, డీబీఎంఎల్ అంటే మధుమేహులకు. ఈ పట్టిక మతాచారాలనూ వైద్యుల పథ్యాలనూ దృష్టిలో పెట్టుకొని తయారైనదే తప్ప, అందులో జీడిపప్పు పడనివారికి గడి లేదు. జీడిపప్పు, బాదం వంటి గింజల ఆనవాళ్లు లేని భోజనానికి హామీ ఇవ్వలేమని వారి షరతులలోనే రాసి ఉంది. అవతలి అమ్మాయి ఎంతో దయగా "మీరు ఇండియన్ కదా మేడమ్, ఏవీఎంఎల్ పెట్టేస్తాను, అది సేఫ్" అన్నది. పనీరు తెల్ల గ్రేవీకి చిక్కదనం దేనితో వస్తుందో ఆమెకు తెలియదు. నేను చేపలు తింటానని చెప్పినా వినిపించుకోలేదు.

అందుచేత నా ఏర్పాట్లు నేను చేసుకున్నాను. చింతపండు పులిహోర కలిపి డబ్బాలో పెట్టాను. పక్క సీటులో ఎవరికి ఏది పడదో తెలియదు కనుక అందులో వేరుశనగ గుళ్లు వేయలేదు. పోపులో శనగపప్పు, మినప్పప్పు చాలనుకున్నాను. నాలుగు సున్నుండలు కూడా చేశాను. అబ్బాయి అమెరికా నుండి తెచ్చి ఇచ్చిన, అలెర్జీ ముదిరితే వెంటనే పొడుచుకోవలసిన అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్నులు రెండు, వైద్యుడి లేఖ ఒడిలోని సంచిలో ఉంచుకున్నాను. ఆ పెన్నులను తలపైన సామాన్ల అరలో పెట్టకూడదు. అవసరం పడిన నిమిషంలో లేచి వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. తొడకు ఎలా పొడవాలో మావారికి మళ్లీ ఒకసారి చూపించాను. ఆయన ప్రతిసారీ నీలం మూత, నారింజ మూత తారుమారు చేస్తారు.

శంషాబాద్‌లో తెల్లవారుజామున విమానం ఎక్కాము. కూర్చోగానే ఖర్జూరాలు, చిన్న గిన్నెలో అరబిక్ కాఫీ ఇచ్చారు; ఆ రెండూ నాకు హాయి. విమానం పైకి లేచిన కాసేపటికి వరుసలన్నిటికీ తెల్ల పింగాణీ గిన్నెలలో వెచ్చబెట్టిన బాదం, జీడిపప్పు వచ్చాయి. బిజినెస్ క్లాస్ అంటే ఇదే అని చెప్పడానికి పెట్టే మొదటి ముద్ర అది. మావారు తన గిన్నెను వెనక్కి పంపి, ఏదో త్యాగం చేసినట్టు నా వైపు చూశారు. వాసన వస్తేనే ప్రాణం మీదికి వస్తుందని నేనూ ఒకప్పుడు భయపడేదాన్ని. అయితే విమానంలో గాలి పైనుండి కిందికి ప్రసరిస్తూ, కొన్ని నిమిషాలకొకసారి మారుతూ, సన్నని కణాలను కూడా పట్టే హెపా ఫిల్టర్ల గుండా తిరుగుతుంది. మనకు ముందు కూర్చున్నవారు తిని తడిమిన బల్ల, చేతులు ఆనించే పట్టెలు, టీవీ మీట వంటివే అంతకంటే ప్రమాదకరం. తడి కాగితాలతో వాటిని తుడిచేసి, నా చుట్టుపక్కల రెండు వరుసలకు గింజలు పెట్టవద్దని అడిగాను. ఒప్పుకున్నారు గానీ, అప్పటికే పంచేశారు.

తరువాత నా పేరు చీటీ అంటించిన ప్రత్యేక భోజనం వచ్చింది. అనుకున్నట్టే పనీరు, తెల్లని గ్రేవీ, పక్కన పులావు, చివరన పాల మిఠాయి ఒకటి, దానిపై ఆకుపచ్చని పొడి. ఇందులో జీడిపప్పు ఉందా అని అడిగితే "లేదు మేడమ్, ఇది స్పెషల్ మీల్" అని పరిచారిక ధీమాగా అన్నది. ఆమె జవాబులోని రెండో సగం మొదటి సగానికి సాక్ష్యం కాదు. ముప్పై ఏళ్లు కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పినదాన్ని, సీసా మీద చీటీ చూసి లోపలి ద్రవం పేరు ఒప్పుకునే అలవాటు నాకు లేదు. పదార్థాల జాబితా చూపమని కోరాను. కొంతసేపటికి ఆమె ట్యాబ్ పట్టుకొని వచ్చి, తెర మీద వేలు పెట్టి చదువుతూ చదువుతూ ఆగిపోయింది. గ్రేవీలో నీరు, ఉల్లిపాయ తరువాత మూడవ వస్తువే జీడిపప్పు ముద్ద. ముఖం చిన్నబుచ్చుకొని, కనీసం మిఠాయి అయినా తినమని, పైన చల్లిన పిస్తా తీసేసి ఇస్తానని అన్నది. పొడి తీసేసినా మిఠాయికి అంటిన ఆనవాలు పోదని, నాకు ఆ ఆనవాలే చాలునని చెప్పాను. ఆమె మీద నాకు కోపం రాలేదు. నేల మీద ఎవరో వండి, చల్లార్చి, పళ్లెంలో పేర్చి పంపినదాన్ని గాలిలో వేడి చేసి ఇవ్వడమే ఆమె పని. కోపం వచ్చింది "లేదు" అన్న మాట మీద. "తెలియదు" అని ఉంటే ఎంత బాగుండేదో!

పులిహోర డబ్బా తెరిచాను. ఇంట్లో ఉప్పు సరిపోయిందనుకున్న పులిహోర అక్కడ చప్పగా అనిపించింది గానీ, పులుపు మాత్రం ఏమాత్రం తగ్గలేదు. విమానంలో గాలి పీడనం సుమారు ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, తేమ బాగా తక్కువ. ముక్కు ఎండిపోతే రుచి సగం పోతుందని జలుబు చేసినప్పుడు మనందరికీ అనుభవమే. 2010లో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ పరిశోధన సంస్థవారు లుఫ్తాన్సా విమాన సంస్థ కోసం, ప్రయాణికులు కూర్చునే విమానపు గొట్టంలాంటి భాగంలోనే మనుషులను కూర్చోబెట్టి పరీక్షించి, అక్కడ ఉప్పు, తీపి బాగా తగ్గి తోస్తాయని, పులుపు పెద్దగా మారదని తేల్చారు. ఏ పరీక్షా లేకుండానే ప్రయాణానికి పులిహోర కట్టించిన మా అమ్మ గుర్తుకు వచ్చింది.

గల్ఫ్‌లోని లాంజ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బఫేలో పిస్తా వంటి గింజలు దట్టించే బక్లావా అనే మిఠాయి పళ్లెంలోని గరిటె పక్కనే సలాడ్ గరిటె ఉంది, ఎవరు దేనిని ఎక్కడ ముంచారో చెప్పలేము. అరటిపండు, నారింజ తిన్నాను.

రెండో విమానం పద్నాలుగు గంటలకు పైబడిన ప్రయాణం. ఈసారి తలుపు దగ్గరే చెప్పుకుందామని అనుకునేలోగా, సిబ్బందిలో పెద్దామె నా సీటు పక్కన మోకాలి మీద కూర్చొని, చేతిలోని కాగితం చూస్తూ "మీ ప్రత్యేక భోజనంలో జీడిపప్పు ఉంది, దాన్ని నేను మీకు పెట్టను" అన్నది. కెన్యా మనిషి అట, అక్కకు వేరుశనగ పడదట. ఆ మాట తరువాత మా ఇద్దరికీ మధ్య విమానం, తరగతి అన్నీ తొలగిపోయాయి. మామూలు మెనూ ఒక్కో వంటకం చొప్పున నాతో కలిసి చదివింది. యూరప్ సమాఖ్య చట్టం పద్నాలుగు అలెర్జీ పదార్థాలను పేరుపేరునా చెప్పమంటుంది. అమెరికాలో నువ్వులు చేరాక 2023 నుండి ఆ లెక్క తొమ్మిది. అలాంటి పద్దుతోనే ప్రతి వంటకానికీ ఒక వరుస, ప్రతి పదార్థానికీ ఒక గడి ఉన్న కాగితం ఆమె దగ్గర ఉంది. కాల్చిన చేప వరుసలో చేప, పాలు అనే రెండు గడులలోనే గుర్తు ఉంది. బియ్యం, ఉడికించిన కూరగాయల మాట కూడా అంతే. సూప్ దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగి, "ఇది నాకు తెలియదు, వద్దు" అన్నది. ఆ తరగతిలో ఎవరికి ఎప్పుడు ఆకలైతే అప్పుడు వడ్డిస్తారు కనుక, మిగతావారి పళ్లాలు లేచాక ఓవెన్‌లో నాది విడిగా, మూత తీయకుండా వేడి చేసి తెస్తానని చెప్పి, అలాగే తెచ్చింది.

చేప చప్పగానే ఉంది. పైన నిమ్మకాయ పిండుకొని ముల్లూ తోలూ మిగలకుండా తిన్నాను. మావారు జీడిపప్పు గ్రేవీ వేసిన మాంసం తిని, ముక్కు ఎగబీలుస్తూ, ఉప్పు తక్కువైందని సణిగారు. తరువాత చేతులు సబ్బుతో కడుక్కొని వచ్చి నాకు దుప్పటి సర్దారు. దిగే ముందు ఆ పెద్దామెకు మిగిలిన రెండు సున్నుండలు ఇచ్చాను. తీసుకునే ముందు అందులో ఏమున్నాయని ఆమె నన్ను అడిగింది. మినుములు, బెల్లం, నెయ్యి అని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను.

చికాగో చేరిన మూడవ రోజున అబ్బాయి చేత తిరుగు ప్రయాణానికి ఫోన్ చేయించి, నా పేరు మీద ఉన్న ఏవీఎంఎల్‌ను రద్దు చేయించాను. కారణం అడిగితే, మామూలు భోజనమే కావాలని, దానితోపాటు ఆ గడుల కాగితం కూడా కావాలని చెప్పమన్నాను. ఆ రెండో కోరికను రాసుకోవడానికి వారి దగ్గర సంకేతం లేదట.